తట్ట తలకెక్కేదాకా

మా గోడౌన్‌లో పార్సెళ్ళకి పంక్తిభేదం ఉండేది. పై అరలో ఫోన్లు, గడియారాలు. దాని కింద మందులు. ఆ కిందన చీరలు, చెప్పులు, పుస్తకాలు. అన్నిటికన్నా కింద అర కూడా కాదు, ఉత్త నేల. షట్టరు పక్కన సిమెంటు గచ్చు మీద ఒక మూల. ఆ మూల పూడిమడక నుంచి వచ్చే ఎండుచేపల సంచికి రిజర్వు. ఈ ఏర్పాటు చేసిన పెద్దమనిషిని నేనే. ఇంట్లో ఎండు నెత్తళ్ళ పులుసు ఉందంటే రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి. ఆఫీసుకొచ్చేసరికి అవే నెత్తళ్ళకి ముక్కు మీద రుమాలు కట్టుకునేవాణ్ణి.

అనకాపల్లిలో ఒక ప్రైవేటు కొరియర్ కంపెనీ బ్రాంచికి నేను చాలా ఏళ్ళు ఇన్‌ఛార్జిగా ఉన్నాను. ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో పచ్చళ్ళూ పొడులూ అమ్ముకునే అమ్మాయిలూ అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు. తుఫానులో సరుకు పోతే బాధ్యత ఎవరిది సార్, అమ్మినవాళ్ళదా, మోసినవాళ్ళదా, కొన్నవాళ్ళ ఖర్మా అని. రూలు కావాలంటే మీ ఫోన్లోనే దొరుకుతుంది, చదువుకోండి. నేను మాత్రం రూలు చెప్పను. ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా నాకు గుర్తొచ్చే మనిషి గురించి చెబుతాను.

ఆమెది పూడిమడక. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. పదో తరగతి దాకా చదువుకుంది. భర్త పడవ మీద వేటకి వెళ్తాడు. చేపలు ఎండబెట్టి పట్నం షావుకార్లకి వాళ్ళు చెప్పిన ధరకి ఇచ్చేయడం ఆ ఊరి ఆడవాళ్ళకి అలవాటు. ఈమెకి ఎవరు చెప్పారో గాని, ఫోన్లో ఒక అమ్మకాల యాప్‌లో కొట్టు తెరిచింది. నెత్తళ్ళు, ఎండు రొయ్యలు కడిగి, ఇసక లేకుండా వల మీద ఆరబెట్టి, రెండు కవర్ల లోపల సీలు వేసి పంపేది. మూడేళ్ళకి కొన్నవాళ్ళు ఇచ్చే రేటింగులో ఆమె కొట్టుకి అయిదు చుక్కలకి నాలుగున్నర పైన వచ్చాయి. పన్నెండిళ్ళ ఆడవాళ్ళు ఆమెతో కలిసి పని చేసేవారు. షావుకారు గుమ్మంలో నిలబడే బాధ ఆ పన్నెండిళ్ళకీ తప్పింది. వారానికి రెండుసార్లు ఆటో ఒకటి, బస్సు ఒకటి మారి, సంచి నెత్తిన పెట్టుకుని మా కౌంటరుకి వచ్చేది. రాగానే నేను ఫ్యాను వేగం పెంచేవాణ్ణి. ఆమె అది చూసేది.

ఆ ఏడాది తుఫాను వస్తోందని మూడు రోజుల ముందు నుంచే టీవీల్లో చెబుతున్నారు. మధ్యాహ్నం నుంచి బుకింగులు ఆపేయమని మా పైవాళ్ళు మెసేజి పెట్టారు. మూడు గంటలకి ఈమె తడిసిన కొంగుతో వచ్చి సంచి దించింది. ఇరవై మూడు పొట్లాలు. వెనక్కి పంపాల్సింది. పంపలేదు. జాలి అనుకునేరు, ఆ నెల టార్గెట్టుకి కొంచెం తక్కువలో ఉన్నాం, అదీ సంగతి. రశీదు రాసి ఇచ్చేశాను.

మా డెలివరీ మనిషి ఒకతను ఉండేవాడు. చీడికాడ దగ్గర చెరకు రైతు కుటుంబం, నన్ను మామా అనేవాడు. వాడు సంచి పట్టుకుని అడిగాడు.

"మామా, శారదానది నిండిపోనాదంటన్నారు. ఈపాలికి దీన్ని పైకెట్టేద్దామేటి?"

"చీరలకి నెత్తళ్ళ వాసన పట్టిందనుకో, కస్టమర్లు వచ్చి నా కాలరు పట్టుకుంటారు. కిందే ఉండనీ" అన్నాను.

వాడు మళ్ళీ ఒకసారి నా మొహం చూశాడు. నేను కళ్ళెర్రజేశాను. సంచి మూలకి పోయింది.

గాలి, వాన, కరెంటు లేకపోవడం, కూలిన చెట్లు, ఇవన్నీ మీరూ చూసే ఉంటారు, చెప్పను. మూడో రోజు పొద్దున్న మేమిద్దరం వెళ్ళి షట్టరు ఎత్తాం. నీళ్ళు మోకాలెత్తు వచ్చి తీసేసినట్టు గోడ మీద బురద గీత ఉంది. అరలన్నీ ఆ గీతకి పైనే ఉన్నాయి. ఒక్క చీర తడవలేదు, ఒక్క చెప్పుల పెట్టె చెమ్మగిల్లలేదు. మూలనున్న సంచి మాత్రం ఉబ్బి, కుట్లు ఊడి, బురదలో పడి ఉంది. మూడేళ్ళుగా నేను ముక్కు మూసుకున్న వాసన అసలు వాసనే కాదని ఆ రోజు తెలిసింది.

కంప్యూటరు రాగానే 'ప్రకృతి వైపరీత్యం వల్ల నష్టం' అని రాసేశాను. దానికి ఒక మీట ఉంటుంది, నొక్కితే చాలు. విశాఖపట్నం నుంచి మా మేనేజరు ఫోన్ చేశాడు. జిల్లాలో మిగతా బ్రాంచీలన్నీ సగానికి సగం మునిగాయట. ఒక్క సంచితో బయటపడినందుకు నన్ను మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటే కాదనే అలవాటు నాకు లేదు.

మర్నాడు ఆమె వచ్చింది. అప్పటికే కొన్నవాళ్ళ ఫిర్యాదులు మొదలయ్యాయి. యాప్ వాళ్ళు నోటీసు పెట్టారు. పది రోజుల్లో ఇరవై మూడు పొట్లాలూ చేరాలి, లేకపోతే కొట్టు మూసేస్తారు. తుఫాను వల్ల పోయాయని కొరియర్ వాళ్ళ ఉత్తరం పెడితే మాత్రం ఫిర్యాదులు కొట్టేస్తారు, అమ్మినవాళ్ళ పూచీ ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి ఉత్తరం ముందే టైపు చేసి, సంతకం పెట్టి, సీలు వేసి ఉంచాను. నా మంచితనానికి నేనే మురిసిపోయాను కూడా.

"పోనాయా బాబూ అన్నీ?"

"పోయేయమ్మా. తుఫాను. మనం ఏటి చేత్తాం చెప్పు. ఇదిగో, ఈ కాయితం ఫొటో తీసి నీ ఫోన్లో పెట్టీ. నీ చుక్క ఒక్కటి తగ్గదు."

"మరి కొన్నోల్లకి?"

"వాళ్ళకేటుంది? దేవుడి పని అనుకుంటారు."

కాయితం చివరిదాకా చదివింది. చదివి, మడత పెట్టి, "ఓపాలి నా సంచి ఎక్కడెట్టేరో సూపిత్తారా బాబూ?" అని అడిగింది.

చూపించాను. ఏం చేయను, అడిగింది. ఆమె గోడ మీది గీత చూసింది. అరల కేసి చూసింది. అన్నిటికన్నా కింది అరలో ఉన్న ఒక చీర పెట్టె మీద అరచెయ్యి వేసి, చెయ్యి తిప్పి చూసుకుంది.

"ఇయ్యన్నీ ఆరే ఉన్నాయి గదా."

మా డెలివరీ మనిషి ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాడు.

"అయితే తుపాను నా సంచిని ఏరుకుని మరీ పట్టుకెల్లిందన్నమాట" అంది. తర్వాత మెల్లిగా, "వాసనకనే గదా బాబూ కిందెట్టేరు?"

"అవునమ్మా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తిడుతుందనుకున్నాను. చేపల బజారులో వాళ్ళ నోటికి పోలీసులే పక్కకి తప్పుకుంటారు. ఆమె తిట్టలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"మా ఊల్లో ఇసక మీద సేపల ఏలం పాటవుద్ది గదా బాబూ. పాటయిపోనాక కూడా, తట్ట కొన్నదాని తలకెక్కేదాకా సరుకు పడవోల్లదే. ఈలోగా కెరటమొచ్చి పట్టుకెల్లినా, గెద్ద తన్నుకెల్లినా, పడవోల్లు మల్లీ తట్ట నింపి పెట్టాల. కెరటానిది తప్పంటే ఊరంతా నవ్వుద్ది."

"అది సముద్రపొడ్డు మాటమ్మా. ఇది ఆన్‌లైను."

"తట్ట మారింది గానీ బాబూ, తల మారిపోనాదేటి?"

ఉత్తరం నా బల్ల మీద పెట్టేసింది. అక్కడే నిలబడి ఫోన్లో ఇరవై ముగ్గురికీ ఒకటే మాట రాసింది. రాసింది సరిగ్గా ఉందో లేదో చూడమని నాకే ఇచ్చింది. 'మీ సరుకు నా బాధ్యతలో ఉండగా పాడయిపోయింది. పది రోజుల్లో మళ్ళీ పంపుతాను. మన్నించండి' అని ఉంది. తుఫాను మాట లేదు. మా మాట అసలే లేదు.

"కొరియర్ వాళ్ళ వల్ల పోయిందని రాయొచ్చు కదా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"ఆల్లు మీకాడ కొన్నేరేటి? నాకాడ కొన్నేరు. ఆల్లకి నేను సెప్పుకుంటాను. మీ పైవోల్లకి మీరు సెప్పుకోండి" అంది. కోపంగా అనలేదు. పని పంచినట్టు అంది. అనేసి బస్సుకి వెళ్ళిపోయింది.

కథల్లో అయితే నేను ఆ క్షణమే పెన్ను తీసి నిజం రాసేసేవాణ్ణి. నేను రెండు రోజులు నానబెట్టాను. రిటైర్మెంటుకి ఏడాది లోపే ఉంది. ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు ఉంచుతామని పైవాళ్ళు అంటున్నారు, ఆ కాయితం కదులుతోంది. ఆ రెండు రోజులూ మా డెలివరీ మనిషి నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. వాడు మామా అనకపోతే ఆఫీసు ఇంత ఖాళీగా ఉంటుందని అప్పుడే తెలిసింది. మూడో రోజు రాశాను. బుకింగు ఆపమన్నా తీసుకున్నది నేను, వాసన సాకుతో నేల మీద పెట్టించింది నేను, పైన పెడదామన్నవాణ్ణి కసిరింది నేను, మిగతా సరుకంతా క్షేమం అని. మేనేజరు ఫోన్ చేసి, "మూసిన ఫైలు ఎందుకు తెరుస్తారండీ, ఇప్పుడేగా మిమ్మల్ని మెచ్చుకున్నాం" అని బాధపడ్డాడు. మంచివాడే. నా రెండేళ్ళ కాయితం మాత్రం మళ్ళీ కదల్లేదు. పోనీండి.

అసలు గండం వేరే ఉంది. మళ్ళీ పంపుతానని మాటిచ్చింది, పంపడానికి చేప ఏది? తుఫాను ముందు నుంచీ పడవలు ఒడ్డునే ఉన్నాయి. ఎండ లేదు. ఆరబెట్టిన సరుకంతా గాలికి పోయింది. ఏడో రోజున ఆమె ఫోన్ చేసి, "సరుకు రెడీ బాబూ, మల్లీ బస్సులు తిరగట్నేదు, వచ్చి పట్టుకెల్తారా?" అంది. నేనూ, మా డెలివరీ మనిషీ బండి మీద వెళ్ళాం.

వాళ్ళ అరుగు మీద పన్నెండిళ్ళ ఆడవాళ్ళూ కుండలు ముందేసుకుని కూర్చున్నారు. వేట నిషేధం ఉండే రెండు నెలలూ సొంతానికి తినడానికని ఎవరింట్లో వాళ్ళు మంచి చేప ఏరి, ఎండబెట్టి, కుండల్లో దాచుకుంటారు. ఆ కుండలన్నీ అరుగెక్కాయి. నడుమ ఆమె అత్తగారు, డెబ్భై ఏళ్ళ మనిషి, మమ్మల్ని చూడగానే అందుకుంది.

"మీరేనా బాబూ కాయితం ఇత్తానన్నోరు? ఇచ్చిన కాయితం ఒద్దందంట ఈ మారాణి! కొట్టు మూసీసేరనుకో, పన్నెండిల్ల ఆడోల్లం మల్లీ ఆ సావుకారి గుమ్మంలో నిలబడాల. బుర్రుందా దీనికి? నా కొడుకు ఆడదాన్ని కట్టుకున్నాడనుకున్నాను, ఇది రాయి!"

ఇలా తిడుతూనే ఉంది, తిడుతూనే కుండలోంచి నెత్తళ్ళు తీసి, విరిగినవి పక్కన పడేసి, నిండైనవే ఏరి కోడలి పొట్లాల్లో పోస్తోంది. నోటిదారి నోటిది, చేతిదారి చేతిది. కోడలు ఒక్క మాట ఎదురాడకుండా సీలు వేస్తోంది.

"మరి ఆ రెండు నెలలూ మీరేటి తింటారమ్మా?" అని ముసలమ్మని అడిగాను.

"ఏదో తింటాం. మాటిచ్చింది అది. ఇంటిదాని మాట ఇంటోల్లందరిదీ గాదేటి బాబూ?" అని, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూసింది.

నా ఉద్యోగంలో చాలామంది పెద్దల్ని చూశాను. మేనేజర్లు, డైరెక్టర్లు, మీటింగుల్లో గంటలకొద్దీ నమ్మకం గురించి మాట్లాడిన వాళ్ళు. ఆ అరుగు ముందు నిలబడ్డప్పుడు కలిగిన గౌరవం ఎవరి ముందూ కలగలేదు. ఈ మాట అక్కడే చెప్పాలనిపించింది. సంచి ఎత్తుకుని బండి మీద పెట్టాను.

తొమ్మిదో రోజు సాయంత్రానికి ఇరవై రెండు పొట్లాలు చేరాయి. ఇరవై మూడోది చీడికాడ దాటాక కొండ మీద ఒక చిన్న ఊరికి. వాగు దారి కోసేసింది, మా లైను బండి వెళ్ళలేనంది. పదో రోజు పొద్దున్న నేనూ, మా వాడూ బయల్దేరాం. వాడిది ఆ పక్కే కాబట్టి గట్లన్నీ తెలుసు. వాగు దగ్గర బండి వదిలి, పొట్లం తలకి పైన పట్టుకుని దాటాం. తర్వాత రెండు గంటల నడక. నా వయసుకి అది కొంచెం ఎక్కువే.

ఆ ఇంటికి పైన రేకులు లేవు. టార్పాలిన్ కింద పొయ్యి వెలుగుతోంది. చోడి చేను, అదే రాగి పైరు, నేలకి పడుకుంది. ఆ ఇల్లాలు పొట్లం మీద తన పేరు చూసుకుని, "ఇంత గాలీవానలో నా సేపలు మర్సిపోనేదా మీరు!" అని నోరు తెరిచేసింది. తుఫాను మొదలు ఆ ఊరికి సరుకన్నది రాలేదట, రెండు వారాలుగా అంబలీ ఉప్పూ. అక్కడికక్కడే పొట్లం చింపి, ఇరుగుపొరుగుల్ని పిలిచి తలా గుప్పెడు పెట్టేసింది. చూస్తుంటే నా కళ్ళు చెమర్చాయి.

అప్పుడు మా వాడు కోడ్ అడిగాడు. కొన్నవాళ్ళ ఫోనుకి వచ్చే ఆ నాలుగంకెలు మా మెషీన్లో కొడితేనే చేరినట్టు లెక్క. ఆ ఇల్లాలు గోడ గూట్లోంచి ఫోను తీసి చూపించింది. నీళ్ళు దిగి సిమ్ముతో సహా చచ్చిపోయింది. ఊళ్ళో ఇంకో ఫోను ఉన్నా సిగ్నలు లేదు, ఉన్నా ఆ కోడ్ ఆ నంబరుకే వస్తుంది. సాయంత్రం ఆరింటితో గడువు సరి.

పరుగులాంటి నడకతో కిందికి దిగాం. సిగ్నలు దొరికేసరికి అయిదు దాటింది. ఆమెకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. చెప్పి, అమ్మో, రెండోసారి కూడా నేనే జారాను.

"అమ్మా, నా ఉత్తరం కాపీ నా ఫోన్లో ఉంది. ఇప్పుడే పంపుతాను. ఈ ఒక్క పొట్లానికీ పెట్టీ. తుఫాన్లో పోయిందని. నిమిషం పని. కొట్టు నిలబడుద్ది."

"ఆవిడ సేతికి ఇచ్చీసేరా బాబూ?"

"ఇచ్చేను. తలా గుప్పెడు పంచీసింది కూడాను."

"తడిసిందా?"

"లేదు."

"సేరిన సరుకుని పోనాదని రాయమంటారేటి?" అంది. ఆ తర్వాత, "మీరు పొద్దున్నించీ ఏటైనా తిన్నేరా?" అని అడిగింది.

ఆరింటికి కొట్టు మూసేశారు. సరుకు చేరిందని మేం పెట్టుకున్న మొర ఎవరూ వినలేదు.

తర్వాత ఏమైందని మీరు అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. ఆమె భర్త పేరు మీద వేరే యాప్‌లో కొత్త కొట్టు తెరిచింది, ఒక్క చుక్క కూడా లేకుండా, అ ఆల నుంచి. మళ్ళీ నిలదొక్కుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. అన్నాళ్ళూ ఆ ఆడవాళ్ళు సగం సరుకు షావుకారికే పోసుకున్నారు, ముసలమ్మ తిట్లు ఆగలేదు, అలాగని పన్నెండిళ్ళలో ఒక్క ఇల్లూ ఆమెని వదిలి వెళ్ళలేదు. ఇప్పుడు బాగానే నడుస్తోంది. అయితే కొట్టు మూతపడిన మర్నాడు పొద్దున్న ఆ సంగతులేవీ నాకు తెలియవు. సెలవు పెట్టి పూడిమడక వెళ్ళాను.

రెండు వారాల తర్వాత ఎండ వచ్చింది. ముందు రోజు వేటకెళ్ళిన పడవలు తెచ్చిన నెత్తళ్ళని ఆమె వంగి వల మీద పలచగా పరుస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. తప్పు నాదని, నా సంచి మూల వల్లే ఇదంతా అని, దారంతా కూడగట్టుకున్న మాటలు ఆ ఇసకలో నిలబడి ఎలాగో చెప్పాను. ఆమె వింది. అంతటితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

"ఆ రోజు నా ఉత్తరం తీసుకుని ఉంటే ఈపాటికి నీ కొట్టు ఉండేది కదమ్మా" అన్నాను.

ఆమె నడుం ఎత్తి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని నాకేసి చూసింది.

"ఉండీది బాబూ" అంది. "అందులో నేనుండీదాన్ని గాదు."